ట్రైలర్‌లో ఒక ఊపిరి

మా ఆడపడుచు హైదరాబాదులో సినిమా ట్రైలర్లకు శబ్దాలు కూర్చే పని చేస్తుంది. సంగీతం వేరేవాళ్లు చేస్తారు. తలుపు చప్పుడు, కత్తి దూసిన చప్పుడు, హీరో అడుగు వేస్తే గుండెల్లో దిగే మోత, ఇవన్నీ ఆమె పని. నా పెళ్లయిన కొత్తలో ఈ సంగతి విని, దానికి కూడా ఒక మనిషి ఉంటారా అనుకున్నాను.

ఒక ఎండాకాలం ఆమె స్టూడియో మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో నర్సీపట్నం వచ్చేసింది గానీ పని ఆగలేదు. మా వెనక గది కిటికీలకు బొంతలు కట్టించి, ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ కంప్యూటరు ముందు కూర్చునేది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. వేసవి సెలవులు కాబట్టి ఆమె బదులు నేనే రికార్డరు పట్టుకుని ఊళ్లో తిరిగాను. చెరకు రసం బండి గజ్జెలు, ఎరువుల గోడౌను షట్టరు దించేటప్పటి మోత పట్టుకొచ్చాను. బండతను, రసం తాగకుండా చప్పుడు పట్టుకెళ్తారేటి టీచరమ్మా అని నవ్వాడు.

ఆమె ఆ షట్టరు మోతను సాగదీసి, స్థాయి తగ్గించి వినిపించింది. కొండ విరిగి పడుతున్నట్టుంది. గజ్జెల్ని నెమ్మది చేస్తే ఎవరో గొలుసులు ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంది. నాకు ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా ట్రైలర్లంటే తలనొప్పి అనుకునేదాన్ని.

ఒకప్పుడు ట్రైలర్లో ఓ గంభీరమైన గొంతు కథ చెప్పేదట. తర్వాత మోతల కాలం వచ్చింది. ఇప్పుడేమో లైటరు, తుపాకీ, జీపు తలుపు అన్నీ కలిసి పాటకు తాళం వేసినట్టు మోగుతాయి. ఒకరిది ఆడితే అందరూ అదే కావాలంటారని ఆమె చెప్పింది.

అప్పుడు ఆమె చేతిలో ఉన్న సినిమాలో ఒక తల్లి ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, కొడుకు కోసం వచ్చిన మనుషులు తలుపు బయట ఉంటారు. ట్రైలర్ చివర మోతలన్నీ తీసేసి ఆ తల్లి ఊపిరి ఒక్కటే ఉంచాలని ఈమె పట్టు. ఈలల గోలలో ఊపిరి ఎవరికి వినిపిస్తుంది, ఇంకో పెద్ద మోత వెయ్యమని డైరెక్టరు ఫోనులో వాదించాడు. ఈమె గొంతు పెంచలేదు. రెండూ చేసి పంపుతాను, విని చెప్పండి అంది. కానీ డబ్బింగులో తీసిన ఊపిరి ఆమెకు నచ్చలేదు. ఏడుపు కలిపారని విసుక్కుంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. డాబా మీద ఆరబెట్టిన వడియాల కోసం అత్తయ్యగారు పరుగున వెళ్లి, చాటలతో దిగివచ్చి, ఆయాసపడుతూ ఈ గదిలోనే కూలబడ్డారు. ఆడపడుచు చటుక్కున మైకు తిప్పింది.

“అమ్మా, మాటాడకు. అలాగే ఊపిరి తియ్యి.”

“ఊపిరి కూడా ఎత్తుకుపోతావేటే?” అన్నారావిడ. అన్నాక మాత్రం బుద్ధిగా కూర్చున్నారు. ఆవిడ వెళ్లాక ఆ ఖాళీ గదిని కూడా కాసేపు రికార్డు చేసింది మా ఆడపడుచు. ఎందుకని అడిగాను.

“ఏమీ పెట్టకపోతే సౌండు పోయిందనుకుంటారొదినా. నిశ్శబ్దం కూడా మనమే పెట్టాలి.”

ఇన్నేళ్లుగా పద్యాలు చదివి వినిపిస్తున్నాను, ఆగవలసిన చోట ఆగడం గురించి నాకెవరూ అంత బాగా చెప్పలేదు.

డైరెక్టరు చివరికి ఊపిరి ఉన్నదే ఒప్పుకున్నాడు. ట్రైలర్ మా ఊరి థియేటర్లో వేసిన సాయంత్రం ముగ్గురం వెళ్లాం. ఆమె కట్టు విప్పారు గానీ చేతికర్ర ఉంది. నాతవరం వైపు నుంచి కూడా కుర్రాళ్లు ఆటోల్లో వచ్చారు. కాగితాలు ఎగరేస్తున్నారు, ఈలలు. షట్టరు మోతకి కాళ్ల కింద నేల అదిరింది. అత్తయ్యగారు చెవులు మూసుకున్నారు.

ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. ఈలలు ఇంకా నడుస్తున్నాయి. ముందు వరసలో ఎవరో “ఉండండ్రా” అన్నారు. గోల ఒక్కొక్క వరసే తగ్గుతూ వెనక్కి వచ్చింది. అంత పెద్ద హాల్లో ఒక ఆడమనిషి ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. అత్తయ్యగారు చెవుల మీద నుంచి చేతులు తీసి నా మణికట్టు పట్టుకున్నారు.

“అది నాదే కదే,” అన్నారు గుసగుసగా.

తెర మీద తలుపు గడియ పడింది. హాలు హోరెత్తిపోయింది. నేను పక్కకు చూశాను. మా ఆడపడుచు తెరను చూడడం లేదు, జనాన్ని చూస్తోంది. ఆ మొహం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటికి వస్తూ ఆటోలో అత్తయ్యగారు మా ఆడపడుచు వైపు తిరిగారు.

“నేనంత భయపడిపోయినట్టు ఊపిరి తీశానేటే?”

“వడియాలు తడిసిపోతాయని భయపడ్డావు కదమ్మా.”

కొన్ని నెలలకు ఏ ట్రైలర్ చూసినా చివర్లో నిశ్శబ్దం, ఒక ఊపిరి. నాకు కోపం వచ్చి హైదరాబాదుకి ఫోను చేశాను. ఆమెకు కోపం లేదు. హాల్లో జనం కాసేపైనా చెవులు పెడుతున్నారు కదా, నేను ఇంకోటి వెతుక్కుంటాన్లే అంది.

ఇప్పుడు నీళ్ల చప్పుళ్ల మీద పడింది. మొన్న ఆదివారం ఆమె అడిగిందని నేనూ అత్తయ్యగారూ తాండవ కాలువ గట్టుకి వెళ్లాం. రికార్డరు తనే పట్టుకుంటానన్నారు ఆవిడ. అటుగా మోటారు సైకిలు మీద వస్తున్నతన్ని చెయ్యెత్తి ఆపి, “బాబూ, ఇంజిను కాసేపు ఆపు. మా అమ్మాయి పని,” అన్నారు.

అతను ఆపి, మాతోపాటు నిలబడి విన్నాడు.