తెగని కూత

కోరుట్లలో మధ్యాహ్నమైతే ఆ వాడకట్టు ఆడవాళ్లంతా చేటలు ఒళ్లో పెట్టుకుని ముచ్చట్లాడుతూ బీడీలు చుడతారు. జమున మాత్రం ఎవరితోనూ మాట్లాడదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేదాకా ఒక్క ఊపిరిలో "కబడ్డీ, కబడ్డీ" అని గొణుగుతూనే ఉంటుంది. దేశం తరఫున కబడ్డీ ఆడే ఆడపిల్లల జట్టుకు ఆమె ఏళ్ల తరబడి సహాయ కోచ్‌గా పనిచేసింది. ఎవరి మోకాలు వాచిందో, ఎవరు దుప్పటి కింద ఏడ్చారో ఆమెకే తెలిసేది. హెడ్ కోచ్ ఉద్యోగానికి వెళితే, "మీ ఆయన దుబాయ్‌లో ఉంటాడట, పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. ముగ్గురు పిల్లల తండ్రిని ఆ మాట అడగకుండానే పెట్టుకున్నారు. ఆయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, జమున ఇంటికొచ్చింది.

ఆ ఏడే జట్టులోని గంభీరావుపేట రజని క్యాంపు నుంచి ఫోన్ చేసింది. "మేడం, నెలసరి ఆగుతలేదు, కండ్లు తిరుగుతున్నయ్. సార్‌కు ఎట్ల చెప్పాలె?" "నేను చెప్త బిడ్డా, నువ్వు ఆడకు." జమున ఎన్నిసార్లు చేసినా సారు ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. ఆ సాయంత్రం కూతకు పోయిన రజని గీతకు అవతల కూలబడి, మళ్లీ లేవలేదు.

నిన్న అత్త లక్ష్మవ్వ జమున భుజం పట్టుకుంది. "ఇగ ఆపు బిడ్డా. ఆ పిల్ల పాయె గదా."

చేతిలోని బీడీకి దారం కట్టేదాకా జమున కూత సాగించింది.

"ఎట్ల ఆపుతనత్తా? అది ఇంకా గీతకు అవతల్నే ఉన్నది. కూత తెగితె ఔటైతది."