బతికున్నవాళ్ళ పేర్లు

సింహాద్రికి భయమంటే ఏమిటో తెలియదని మెరకలంకలో ఒక మాట ఉంది. అన్నవాళ్ళకేం, అంటారు. గోదావరి సముద్రంలో కలిసేచోట, తుపాను గాలిలో, ఇంజను ఆగిపోయిన పడవను ఒడ్డుకు చేర్చిన మనిషే, కాదనను. కానీ పోయిన మాఘమాసంలో మూడు రోజులపాటు అతనికి ముద్ద గొంతు దిగలేదు. అతన్ని అలా వణికించింది రెండు పేజీల జాబితా.

అతని కథ కాస్త ముందునుంచి చెప్పాలి. పన్నెండో ఏట తండ్రి అతని నెత్తిన గరగ పెట్టాడు. గరగంటే అమ్మవారి ఇత్తడి కుండ. దానిమీద పడగ విప్పిన పాము, చుట్టూ పూలూ పసుపూ. జాతర రోజుల్లో దాన్ని నెత్తిన పెట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, డప్పుకు అడుగు కలుపుతూ ఇంటింటికీ ఆడుతూ వెళ్ళాలి. చెయ్యి వేయకూడదు, గరగ ఒరగకూడదు. నలభై ఆరేళ్ళలో ఒక్కసారీ ఒరగలేదు. ఆడేవాళ్ళ దుస్తులు కుట్టేదీ, ఆడి వచ్చాక అతని వాచిన పాదాలకు కాపడం పెట్టేదీ భార్య చిట్టెమ్మ. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో అతనూ, కూతురు వీరదుర్గా. పిల్ల డిగ్రీ చదివింది. అంగన్‌వాడీ టీచరుగా ఎంపికై, ఉత్తర్వు ఎప్పుడొస్తుందా అని అప్పట్లో రోజులు లెక్కపెట్టుకుంటోంది.

గరగ దళం అప్పటికే చివరి దశకొచ్చింది. డప్పులు చిరిగాయి, ఒక పడగ విరిగింది, కుర్రాళ్ళు రొయ్యల చెరువుల మీద పనులకు పోతున్నారు. అలాంటప్పుడు వీరదుర్గే ఫోనులో చూసి చెప్పింది, కళాబృందాలకు ప్రభుత్వం మ్యాచింగ్ గ్రాంటు ఇస్తోందని. ఊరివాళ్ళు ఎంత వేసుకుంటే అంతకంత ప్రభుత్వం కలుపుతుంది. ఎవరెవరు ఇచ్చారో జాబితా మాత్రం జతచేయాలి. ఊరు ఉత్సాహంగా చందాలు వేసుకుంది.

అసలు తిరకాసు ఇక్కడుంది. మెరకలంకలో అమ్మవారి చందాను ఇచ్చినవాడి పేర రాయరు. ఆ ఇంట్లో ఆఖరున పోయినవాళ్ళ పేర రాస్తారు. జాతరనాడు గరగ ముందు సింహాద్రి ఆ పేర్లు చదువుతాడు. తమ పెద్దల పేరు వినబడగానే ఇంటివాళ్ళు "ఉన్నామండీ" అని పలుకుతారు. బతికున్నవాడి పేరు పొరపాటున అమ్మవారి జాబితాకెక్కితే, ఏడాది తిరక్కుండా ఆవిడ పిలిపించుకుంటుందని ఊరి నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వాక మీ పేరు రాయించి చూడండి మరి.

అలవాటు ఎంతలా ఎముకల్లోకి ఇంకిందంటే, సింహాద్రి ఎప్పటిలాగే ఆ పేర్లే చెప్పాడు, వీరదుర్గ తన చేత్తో రాసింది. "పై వారందరూ స్వయంగా ఇచ్చినట్లు ధ్రువీకరిస్తున్నాను" అని అచ్చువేసిన చోట, దళం కార్యదర్శిగా గుండ్రంగా సంతకం కూడా పెట్టింది. వాళ్ళకు ఆ పేర్లంటే ఇళ్ళ గుర్తులు. ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

తనిఖీకి అధికారి వస్తున్నారని అమలాపురం నుంచి ఫోనొచ్చింది. అసలు జాబితా దరఖాస్తుతో పాటు అప్పటికే అక్కడికి చేరిపోయింది. ఇంట్లో ఉంచుకున్న కాపీకి నకళ్ళు తీయించడానికి సింహాద్రి రాజోలు వెళ్ళాడు. జిరాక్సు కొట్టు తాతాజీకి మెరకలంక అత్తవారి ఊరు. అతను కాగితం మిషన్లో పెట్టబోయి ఆగాడు.

"ఏవండీ సింహాద్రి గారూ, ముత్యాలరాజు గారు పోయి ఆరేళ్ళయ్యింది కదండీ? ఈ ఏడుకొండలు గారి దినానికి నేనే వచ్చి భోంచేశానండి."

"ఆయ్. మనూరి పద్ధతదే కదా బాబూ."

"ఊళ్ళో పద్ధతండీ అది. ఇది గవర్నమెంటు కాగితం. చచ్చిపోయినోళ్ళు వచ్చి డబ్బులిచ్చేరని రాసి సంతకం పెడితే కేసు పెడతారండి. ఇంతకీ ఈ సంతకం ఎవరిదండీ?"

సింహాద్రి అక్కడున్న స్టూలు పట్టుకున్నాడు.

"మా అమ్మాయిది," అన్నాడు.

తిరుగు ఆటోలో అతనికి ఒకటే ఆలోచన. కేసంటూ పడితే అంగన్‌వాడీ ఉత్తర్వు వస్తుందా? తల్లి లేని పిల్ల, తానే చేతులారా దాని నోట్లో మట్టి కొట్టాడు. ఇంటికొచ్చి కూతురికి చెప్పడానికి నోరు రాలేదు. వీధిలో జీపు చప్పుడైతే తలుపు చాటుకు పోయేవాడు. "ఏం నాన్నా, తినవేం?" అని పిల్ల అడిగితే పంటినొప్పి అన్నాడు.

రెండోరోజు ఊరి పెద్దలకు చెప్పుకున్నాడు. వీరదుర్గకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ముత్యాలరాజు కొడుకు తేలిగ్గా తీసేశాడు. "దీనికింత బెంగేంటి బాబాయ్? జాతరలో పలికినట్టే పలికేస్తాం. ఆయనకేం తెలుస్తుంది?"

సింహాద్రి సరేనన్నాడు. అన్నాక భయం ఇంకా పెరిగింది. నిన్నటిదాకా అది పొరపాటు. ఇప్పుడది మోసం.

మూడోరోజు తుపాను షెల్టరులో కుర్చీలు వేశారు. అధికారి విజయ్ కుమార్ గారు నెమ్మదైన మనిషి. బొండాం నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, జాబితా తీశారు. పక్కన వీరదుర్గ నిలబడింది.

"నేను పేరు పిలుస్తాను. ఆ మనిషి పలికితే చాలండి. ముత్యాలరాజు గారు?"

"ఉన్నానండి," అని కొడుకు లేచాడు.

వీరదుర్గ ఉలిక్కిపడి తండ్రివైపు చూసింది. ఆ చూపుతో పిల్లకు అంతా అర్థమైపోయిందని సింహాద్రికి తెలిసింది.

"ఏడుకొండలు గారు?"

"ఆయ్, ఉన్నానండి."

అధికారి ఒక్కో పేరుకూ టిక్కు పెట్టుకుంటూ పోతున్నారు. పేజీ తిరిగింది.

"చిట్టెమ్మ గారు?"

ఎవరూ పలకలేదు. పలకాల్సింది అతనే. వెనకనుంచి ఎవరో గొణిగారు, "సంతకెళ్ళిందని చెప్పు బాబాయ్, సంతకెళ్ళిందని." ఒక్క ముక్క. అది అనేస్తే గండం గడిచిపోతుంది. సింహాద్రి నోరు తెరిచాడు. అయ్యో, ఆ మాట ఎలా అంటాడు? చిట్టెమ్మ సంచి పట్టుకుని సంతకు వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తుందని ఏ నోటితో అంటాడు?

"లేదండి," అన్నాడు. "మా ఆవిడండి. పోయి నాలుగేళ్ళయ్యింది. ఇందాకటి పేర్లోళ్ళు కూడా అందరూ పోయేరండి. పేర్లు చెప్పింది నేను. నేను చెప్పింది మా అమ్మాయి రాసింది, అంతేనండి. ఏం చేసినా నన్ను చెయ్యండి."

విజయ్ కుమార్ గారు పెన్నుకు మూత పెట్టారు. "మరి డబ్బిచ్చిందెవరు?"

"మేమేనండి," అన్నారు జనం. ఊళ్ళోకెల్లా పెద్దది మరిడమ్మ లేచి పద్ధతంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు.

"మీ పద్ధతిని నేను తప్పుపట్టనండి. కానీ పోయినవాళ్ళ పేర గ్రాంటు కలపలేను. ఇది ఇలాగే పట్టుకెళితే సంతకం పెట్టిన అమ్మాయి మీద రాయక తప్పదు. నేను బయల్దేరేలోగా, ఎవరిచ్చారో వాళ్ళు ఆ పేరు ఎదురుగా తమ పేరు రాసి సంతకం చెయ్యండి. పొరపాటు సవరించారని రాసుకుంటాను."

బతికిపోయారని మీరు అనుకుంటారు. ఊరు మాత్రం బిగుసుకుపోయింది. అమ్మవారి జాబితాలో, చచ్చినవాళ్ళ పక్కన, బతికున్నవాడి పేరా? ముత్యాలరాజు కొడుకు, ఆ బాబాయ్ బాబాయ్ అన్నవాడే, రెండడుగులు వెనక్కి వేశాడు. "మా పిల్లలు చిన్నోళ్ళండి," అన్నాడు. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. వాళ్ళను అనడానికి లేదు. అందరికంటే గట్టిగా అది నమ్మేవాడు సింహాద్రే. నలభై ఆరేళ్ళు ఆ తల్లిని నెత్తిన మోసినవాడు.

అతను బల్ల దగ్గరికి వెళ్ళాడు. "పెన్నియ్యమ్మా."

"వద్దు నాన్నా." వీరదుర్గ పెన్ను వెనక్కి దాచుకుంది. "ఉద్యోగం పోతే పోనీ. నీ పేరు వద్దు."

"ఇయ్యమ్మా."

చిట్టెమ్మ పేరు ఎదురుగా తన పేరు రాశాడు. చివరి అక్షరం గీత దాటింది. గరగ కింద ఎన్నడూ వణకని మెడ వణికింది, అందరూ చూశారు.

మరిడమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "జరుగు నాయనా, నా వేలిముద్ర కూడా వేయించు. ఎనభై దాటినా ఆ తల్లి నన్ను మర్చిపోయింది. ఇది చూసైనా పిలుస్తుందేమో."

జనం నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుకొండలు కొడుకు వచ్చాడు. ఆ వెనక మరొకరు. ఆఖరున, తల వంచుకుని, ముత్యాలరాజు కొడుకు.

గ్రాంటు వచ్చింది. జాతరకు కొత్త డప్పులు మోగాయి, గరగ ముందు ఎప్పటిలాగే పోయినవాళ్ళ పేర్లే పిలిచారు. వీరదుర్గకు ఉద్యోగం వచ్చింది. మాఘం తిరిగి రావడానికి ఇంకా రెండు నెలలుంది. పొద్దున్నే అంగన్‌వాడీకి బయల్దేరేముందు ఆ పిల్ల తండ్రి పడుకున్న గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. లోపలికి చూడటానికి భయం, చూడకుండా వెళ్ళడానికీ భయం. అతను అప్పటికే లేచి మంచంమీద కూర్చుని ఉంటాడు. ఆమె పిలవకముందే పలుకుతాడు.

"ఉన్నానమ్మా."