యాదగిరన్న పరుగెత్తిన ఆదివారం

ఒక మనిషి ఏళ్ల తరబడి దాచుకున్న కోరికను రెండే రెండు మాటలతో ఎలా చెడగొట్టాలో నేర్చుకోవాలంటే నా దగ్గరికి రండి. చైతన్యపురిలో ఉన్న కోచింగ్ సెంటర్లన్నీ కలిసినా ఈ విద్య చెప్పలేవు.

మా రన్నింగ్ క్లబ్‌కి యాదగిరన్న పెద్ద దిక్కు. నల్గొండ వైపు మనిషి, ఎల్‌బీ నగర్‌లో టైర్ల షాపు. ఆదివారం పరుగంటే తెల్లారకముందే వచ్చి, ముగ్గుపిండితో గీత గీసి, నీళ్ల క్యాన్లు దించి, అందరినీ పంపి, చివరి మనిషి వెనకాల తాను నడుచుకుంటూ వచ్చేవాడు. ఆయన కనిపించాడంటే దారిలో ఇంకెవరూ లేరని అర్థం. ఇక బ్యానర్ విప్పేసి టిఫిన్‌కి పోవడమే. ఆ గీత ఎంతమంది దాటారో గానీ, ఆయన మాత్రం ఒక్కసారీ పరుగెత్తి దాటలేదు.

ఒక శనివారం నన్ను పక్కకి పిలిచాడు.

“తమ్మీ, రేపు నేను గూడ ఉర్కుతా. గీత కాడ నువ్వుండు జర.”

“మీరా? పరుగా?” అని నవ్వాను.

“నవ్వకు. గిన్నేండ్లు అందరికి చప్పట్లు కొట్టిన. నాకు కొడితే ఎట్లుంటదో సూడాలె. గంతే.”

“ఈలలు కూడా వేయిస్తానన్నా, మీరు నిశ్చింతగా ఉండండి!”

మర్నాడు విజిల్ మెడలో పడగానే నాకు కలెక్టర్ ఉద్యోగం వచ్చినట్టయింది. అల్మాస్‌గూడ వైపు వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఎండెక్కింది. ఆకలి దంచేస్తోంది. అప్పుడు మలుపులో యాదగిరన్న కనిపించాడు. అలవాటు ఎంత పాడుదో చూడండి, నిన్నటి మాట గుర్తే రాలేదు! కన్ను ఆయన్ని చూసింది, చెయ్యి బ్యానర్ తాడు విప్పింది.

“హమ్మయ్య, అన్న వచ్చేశాడు! సర్దండి, సర్దండి!”

చప్పట్లు కొట్టాల్సిన జనమంతా ఇడ్లీ బండి వైపు మళ్లారు. ఆయన చేతులు పైకెత్తి, రొప్పుతూ, ముఖమంతా నవ్వుతో వస్తున్నాడు. సరిగ్గా గీతకి అడుగు దూరంలో ఉండగా, నేనెంత మహానుభావుణ్ణో, బ్యానర్ రెండో కొస ఆయనకి అందించాను.

“అన్నా, పట్టుకోండి!”

ఆయనకీ అలవాటే కదా. ఆగి పట్టుకున్నాడు. ఇద్దరం మడతపెట్టాం. మూలలు సరిగ్గా కలవలేదని ఆయనే మళ్లీ విప్పించాడు కూడా. ఆ తర్వాత గానీ ఆయన చొక్కా మీది నంబరు కాగితం నా కంటపడలేదు.

“అన్నా! మీరు... ఇవాళ పరుగు...”

“అయిపాయె తియ్యి తమ్మీ. మల్లొకపారి ఉర్కుతా. ఇడ్లీ సల్లారుతది, పా.”

ఆ ఇంకోసారి రాలేదు. మోకాలు మొరాయించింది. షాపు ఇచ్చేసి ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు గీత నేనే గీస్తున్నాను, వంకర్లు పోతుంది. అందరూ వచ్చేశాక కూడా కాసేపు ఆ మలుపు వైపే చూస్తూ నిలబడతాను. ఆయన లేని ఆదివారం నాకేం బాగుండదు. తిట్టడానికైనా రావచ్చు కదా!

మొన్న ఫోన్‌లో అదే అన్నాను. “నడిచే రండన్నా, ఒక్కసారి.”

ఆయన నవ్వాడు.

“ఒస్తా గని, గా బ్యానర్ నా చేతికియ్యకు. ముందే చెప్తున్న.”

కాబట్టి ఎల్‌బీ నగర్ చౌరస్తా సాక్షిగా, పైన పోయే మెట్రో సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చేతులెత్తి వచ్చే ఏ మనిషికీ ఇకపై ఏ వస్తువూ అందించను. యాదగిరన్న వచ్చేరోజున నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.