పడటం నేర్పిన దేవదానం సారు

దేవదానం సారు ప్రభువు సన్నిధికి చేరారని అల్వాల్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కాలికి కాలిపర్ కట్టుకుంటున్నాను. పట్టీని సగంలోనే వదిలేశాను. నాలుగు రోజుల కిందటే తోలుపట్టీ వదులుగా కుట్టానని నన్ను చెడామడా తిట్టిన మనిషి ఇక లేరంటే నమ్మడమెలా?

తొంభైల మొదట్లో, మేడ్చల్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో ఆయన మా సేవాసంస్థను ప్రారంభించారు. పోలియో సోకిన పిల్లలకు ఇనుప కడ్డీలు, తోలుపట్టీలతో కాలిపర్లు చేసి నడక నేర్పడమే అక్కడి పని. సారు మహా కోపిష్టి. కుట్టు వంకరపోతే మా మీద, వాన కురిస్తే మబ్బు మీద అరిచేవారు. మా కాళ్ల కొలతలన్నీ ఆయనకు కంఠోపాఠం. తన మందుల వేళ మాత్రం ఏనాడూ గుర్తుండేది కాదు.

కాలిపర్ ఇచ్చే ముందు వారం రోజులు పిల్లలకు పడటం నేర్పాలన్నది ఆయన నియమం. ఆ నియమాన్ని ఒక్కసారే తప్పారు, అదీ నా విషయంలోనే. శామీర్‌పేటలో కాలిపర్లు పంచే సభ. ముఖ్య అతిథికి తొందర. తొమ్మిదేళ్ల నన్ను అప్పటికప్పుడు కాలిపర్‌తో వేదిక మీద నిలబెట్టారు. ఒక్క అడుగు వేసి, జనం ముందు బోర్లా పడ్డాను. అమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి నన్ను ఎత్తుకుంది.

"నా బిడ్డ పాకితే పాకుతది. గీ ఇనుము మాకొద్దు సారూ!"

ఆ తర్వాత సారు ప్రతి ఆదివారం ప్రార్థన ముగించుకుని, అల్వాల్ నుంచి బస్సెక్కి వచ్చి మా వాకిట్లో కూర్చునేవారు. మూడు వారాలు అమ్మ మంచినీళ్లయినా ఇవ్వలేదు. నాలుగోవారం ఆయనే నోరు విప్పారు.

"తప్పు నాదే అక్కా. పడుడు నేర్పకముందే నిలవెట్టిన. ఇంకొక్కపారి నమ్ము."

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మరుసటి వారం ఆయన గడ్డి కూరిన గోనెసంచులు వాకిట్లో పరిచారు.

"ఇగ పడు బిడ్డా. భయం పోయేదాంక పడు."

పడ్డాను. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"లేపకు అక్కా. జర ఆగు. ఆమెనే లేస్తది."

"నీది గుండెనా, బండనా?" అని అమ్మ ఏడ్చింది. ఆయన అమ్మకు కనపడకుండా ముఖం తిప్పుకున్నారు. ఆ కళ్లలో నీళ్లు నేను చూశాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, గోడ పట్టుకుని లేచాను. ఆ ఏడే బడికి నడిచి వెళ్లాను. పెద్దయ్యాక ఆ షెడ్డులోనే తోలు కుట్టే పనిలో చేరాను.

అంత్యక్రియలకు ఆయన నడక నేర్పిన మేమంతా వెళ్లాం. శవపేటిక మోద్దామంటే మా రెండు చేతులూ ఊతకర్రలకే సరిపోయాయి. ఇరుగుపొరుగువారు భుజం పట్టారు. ఆటోలు పిలుస్తామన్నారు, వద్దని చర్చి నుంచి శ్మశానం దాకా నడిచాం. మేం చేరేసరికి పేటికను గోతిలోకి దించేశారు. ఎండ ముదురుతోందట, ఇంకెంతసేపు ఆగుతారని ఎవరో అన్నారు. వారిని తప్పుపట్టను.

సారూ, మీ పాదాలకు నా వందనం. మేం లేచేదాకా, మేం వచ్చేదాకా ఓపికగా ఆగిన మనిషి ఈ లోకంలో మీరొక్కరే.