నేను చదవకుండా దాటేసిన రెండు వాక్యాలు

ఆరేళ్లుగా మా ఇంట్లో ఒక కాగితం ఉంది. ట్రంకుపెట్టెలో, నా పాత చీరల అడుగున. నాలుగు మడతల కాగితం ఎంత బరువుంటుంది? అయినా ఆ పెట్టె మూత ఎత్తిన ప్రతిసారీ పైచీర ఒక్కటి లాగి మూసేస్తాను. కాల్చేద్దామని రెండుసార్లు పొయ్యి దాకా తీసుకుపోయాను. కాల్చలేదు. ఎందుకో నాకు తెలియదు. మంచితనం వల్ల మాత్రం కాదు.

మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది జహీరాబాద్ దగ్గర ఊరు. ప్రాజెక్టు నీళ్లలో చేపలు పట్టుకుని బతికే ఇల్లు. మా మరిది చనిపోయాక అతని భార్య, నా యారాలు తుల్జమ్మ, పడవలో తెడ్డు పట్టింది. ఆమె పడవ నడిపేది, నా భర్త వల విసిరేవాడు. నేను ఒడ్డున కూర్చుని చేపలు అమ్మేదాన్ని. గాలి ఎటు తిరుగుతుందో, నాచు ఎక్కడ పెరిగిందో ఆమెకు తెలిసినంతగా మా ఊరి మగవాళ్లకు కూడా తెలియదు. అందరూ ఆమెనే అడిగేవారు. నా భర్త కూడా. నన్ను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం పూట, అంగన్‌వాడీ గదిలో. పలక పట్టుకుని పోతుంటే తుల్జమ్మ చేపల బుట్ట దించి మరీ నవ్వేది.

"ఏందక్కా, గీ వయసుల కలెక్టర్‌వైతవా ఏంది? అయినంక మమ్ముల జర యాది పెట్టుకో."

నలుగురూ నవ్వేవారు. ఆమె మాటలో విషం లేదు. నేనే దాన్ని దాచుకుని దాచుకుని విషం చేసుకున్నాను.

తెడ్డు వేసి వేసి ఆమె భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. అందుకే పడవకు బ్యాటరీ మోటరు కొనాలనుకున్నాం. ఆమె కోసమే. అది గుర్తొస్తే నా మీద నాకు ఇంకా రోత పుడుతుంది.

జహీరాబాద్‌లో దుకాణాయన రెండు మోటర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ధరలో తేడా లేదు. ఒకదాని రెక్కలు వెడల్పు. ఇంకోదాని రెక్కలు సన్నగా, వెనక్కి వంగి ఉన్నాయి.

"రెండు మంచియేనమ్మా. మీ నీళ్లను బట్టి తీస్కోన్రి. గిండ్ల అంత రాసుంది" అని తెలుగులో అచ్చేసిన కాగితం నా చేతికిచ్చి వేరే బేరానికి పోయాడు.

తుల్జమ్మ సన్న రెక్కలను వేలితో తిప్పి చూసింది. "గిదే తీస్కుందామక్కా. మన నీళ్లల్ల నాచు బాగ. పెద్ద రెక్కలకు చుట్టుకుంటది."

ఒక్క చూపుతో తేల్చేసింది. కాగితం నా చేతిలో ఉండగానే.

"జర ఆగు. కాగితం ఏమంటదో సూడనీ" అన్నాను.

వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాను. నా భర్త చేతులు కట్టుకుని విన్నాడు. నా నోటి మాట కోసం ఆయన అలా నిలబడటం అదే మొదటిసారి. వెడల్పు రెక్కలకు బలం ఎక్కువ అని ఉంది. చదివాను. దాని కింద రెండు వాక్యాలున్నాయి. నాచు ఉన్న నీళ్లలో సన్న రెక్కలే వాడాలి. రెక్కలకు ఏదైనా చుట్టుకుంటే ముందు బ్యాటరీ వైరు తీసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. రెండూ నాకు బాగానే అర్థమయ్యాయి. రెండోది పైకి చదివినా, రెక్కలకు నాచు చుట్టుకుంటుందన్న తుల్జమ్మ మాట నిజమని ఒప్పుకున్నట్టే. నా వేలు వాటి మీదుగా జారి, అడుగున వేరే మాట దగ్గర ఆగింది.

"పెద్ద రెక్కలదే మంచిదని రాసుంది" అన్నాను.

"కాగితంల ఉంటె గదే ఖాయం చెయ్. నాకేమెరుక, ఏలిముద్రదాన్ని" అని నవ్వింది తుల్జమ్మ.

కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని, ఆటోలో ఇంటికి వస్తూ నేను సంతోషంగా ఉన్నాను. ఇది కూడా రాయాలి. చాలా సంతోషంగా ఉన్నాను.

మొదటి వారంలోనే నాచు చుట్టుకోవడం మొదలైంది. ఆమె కర్రతో గీకి తీసేది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? అడిగితే దుకాణాయన మార్చి ఇచ్చేవాడేమో కదా? "కొత్తది గద, అలవాటైతది" అన్నాను.

మూడో నెలలో ఒక పొద్దున నీళ్ల నడుమ మోటరు మూలిగి ఆగిపోయింది. నాచు కర్రకు రాలేదు. తుల్జమ్మ వంగి చేత్తో లాగింది. నాచు ఊడగానే రెక్కలు గిర్రున తిరిగాయి. నా భర్త తన తువ్వాల ఆమె చేతికి చుట్టి ఒడ్డుకు తెచ్చాడు. దవాఖానలో కుట్లు వేశారు. చెయ్యి దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ వంగవు. వల అల్లలేదు, తెడ్డు పట్టలేదు.

మంచం మీద నుంచే అడిగింది. "అక్కా, గట్ల చెయ్యి పెట్టొద్దని కాగితంల ఏమన్న ఉండెనా?"

నేను బత్తాయి ఒలుస్తున్నాను. చెయ్యి ఆగలేదు. "లేదు తుల్జా. ఉంటె చెప్పకపోదునా?"

"గట్లైతె నాదే తప్పు. తొందరపడ్డ."

నేను ఒలిచిన తొనలు తిన్నది.

అక్కడితో ఆగి ఉంటే కొంతైనా మనిషిననుకునేదాన్ని. మరుసటి ఏడు ఆమె పలక తెచ్చుకుని నా ముందు కూర్చుంది. ఇక పడవెక్కే పని లేదు, నాకూ నేర్పు అంది. ఎడమచేత్తో దిద్దేది. నాకంటే చురుకు. అది చూసి, ఏదో ఒకనాడు ఆ కాగితం చదివేస్తుందని నాకు భయం పట్టుకుంది. గుణింతాల దగ్గరికి రాగానే ఆపేసేదాన్ని. చెయ్యి కుదరలేదు, మళ్లీ మొదటి నుంచి దిద్దు అనేదాన్ని. ఆమె చేతినే సాకు చేసుకున్నాను. ఏడాదంతా అవే అక్షరాలు. "నా తలకాయే మొద్దుదక్కా" అనేది. నేను పలక తుడిచి మళ్లీ చేతికిచ్చేదాన్ని. ఇలాంటి పని చేసే దాన్ని ఏమంటారు? మాట దొరకలేదు. దొరికినవేవీ సరిపోలేదు.

అయినా ఆమె నేర్చుకుంది, నాకు తెలియకుండానే. మొన్న జహీరాబాద్‌లో బస్సు నుదుట ఉన్న 'కోహీర్' అనే పేరు గట్టిగా చదివి నా భుజం చరిచింది. "అంత నీ దయనే అక్కా" అంది. నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీకు ఇప్పుడు తెలుసు. ఆమె క్షమిస్తుందేమోనని తలుచుకుంటే అది కూడా అసహ్యంగానే ఉంది.

ఇదంతా రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడే వేలు పెట్టి, మొదటి నుంచి పైకి చదువుకున్నాను. ఒక్క వాక్యం కూడా దాటలేదు.