లాల పోసే చెయ్యి

బెజవాడ కృష్ణలంకలో మా వీధిలో ఎవరింట పసిబిడ్డ పుట్టినా మా అమ్మకే కబురొచ్చేది. వాళ్ల పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకునేది. ఒళ్లంతా నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్లు పోసేది. తర్వాత సాంబ్రాణి పొగ పడితే ఎంత గుక్కపట్టి ఏడ్చిన పిల్లయినా నిద్రలోకి జారుకోవలసిందే. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పిలిస్తే చాలు. పిలవకపోతే మాత్రం వాళ్లింటి వైపు చూసేది కూడా కాదు.

తొంభైల చివర్లో నాకు కూతురు పుట్టింది. మా ఆయన ఉద్యోగం గన్నవరంలో, అమ్మేమో ఒంటరిది. అందుకని కాన్పుకి వచ్చినదాన్ని పుట్టింట్లోనే ఉండిపోయాను. ఊరందరి పిల్లలకూ పోసిన మనిషికి సొంత మనవరాలు దొరికింది, ఇక చెప్పాలా! సున్నిపిండికని పెసలు, బావంచాలు, కచ్చూరాలు ఎండబెట్టి తనే మర పట్టించుకొచ్చింది.

మూడో నెలలో పిల్ల బుగ్గల మీద ఎర్రగా పొక్కింది. తర్వాత మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక. చర్మం పగిలి రసి కారేది. పిల్ల మొహాన్ని దిండుకేసి రుద్దుకుంటూ ఏడ్చేది. పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద రక్తపు చారలు. అమ్మ ముందు చెమటకాయలంది, తర్వాత పేరుకున్న మురికంది, ఇంకాస్త గట్టిగా నలిచింది. వీధిలో ప్రతివాళ్లూ వైద్యులే కాబట్టి నా చేత వంకాయ, గోంగూర, చేప మాన్పించారు. పాలిచ్చే తల్లినని బీరకాయ తిని బతికాను. పిల్ల ఒంటి మీది పొక్కులకు నా పథ్యం సంగతి తెలిసినట్టు లేదు.

చివరికి బెంజ్ సర్కిల్ దగ్గర చర్మవ్యాధుల డాక్టరు గారికి చూపించాం. అమ్మ కూడా వచ్చింది.

"ఇది ఎగ్జిమా అమ్మా. పుట్టుకతో వచ్చే తత్వం, ఎవరి తప్పూ కాదు. కానీ సున్నిపిండి, వేణ్ణీళ్లు, పొగ ఇవాళ్టితో ఆపెయ్యండి. గోరువెచ్చటి నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తడి మీదే ఈ క్రీము రాయండి. ఒకేసారి పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాలి," అన్నారాయన.

"మరి నేను చేసినందువల్ల కాదు కదండీ?" అంది అమ్మ.

"ముదిరింది దానివల్లేనండీ. మీకు తెలీదు కదా."

మర్యాదగానే అన్నారు. సిటీబస్సులో ఇంటికొచ్చేదాకా అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఎవరి తప్పూ కాదన్న మాట మా వీధి దాకా రాలేదు. సున్నిపిండి ఆపమన్న మాట మాత్రం మాకంటే ముందే వచ్చినట్టుంది. "ఆవిడ చెయ్యి మంచిది కాదంటమ్మా. సొంత మనవరాలినే అట్టా చేసుకుంది, మన పిల్లల్ని ఏం చేస్తదో" అని పంపు దగ్గర అనుకుంటుంటే నా చెవినే పడింది. ఒళ్లు మండిపోయి బిందె అక్కడే పడేసి తగువేసుకున్నాను. అలా అన్నావిడ ముగ్గురు పిల్లలకీ నీళ్లు పోసింది మా అమ్మే. అదే మాట మొహాన అడిగితే తన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. కానీ అమ్మకు మళ్లీ పిలుపు రాలేదు.

పిల్ల పని అమ్మ ఏదీ తప్పించుకోలేదు. గీరుకోకుండా పాత పంచె చింపి చేతులకు సంచులు కుట్టింది. గౌన్లు సబ్బు పోయేదాకా జాడించేది. క్రీము రాయమంటే మాత్రం "నువ్వు రాయవే" అనేది. పిల్ల రెండు చేతులూ చాపితే కొంగు చేతికి చుట్టుకుని ఎత్తుకునేది. అది చూసినప్పుడల్లా డాక్టరు మీద, వీధి మీద, ఏం తెలియని నా పిల్ల మీద కూడా కోపం వచ్చేది. ఎందుకమ్మా ఇదంతా అని అరిస్తే వినపడనట్టు వెళ్లిపోయేది.

పిల్లకి ఐదేళ్లొచ్చేసరికి జబ్బు కాస్త నెమ్మదించింది. ఎండాకాలం చెమటకి మళ్లీ రేగేది, మళ్లీ తగ్గేది. ఒకరోజు తువ్వాలు పట్టుకుని వెళ్లి "అమ్మమ్మా, ఇవాళ నువ్వు లాల పొయ్యి" అంది.

"నా చెయ్యి గరుకు నాన్నా. మీ అమ్మ పోస్తుంది," అంది అమ్మ.

ఆ వేసవిలోనే పక్కింట్లో కోడలు ప్రసవించింది. బిడ్డకు ఎవరో చుట్టాలావిడ వచ్చి పోసేది, మా గోడకు అవతలే. ఒకరోజు బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మ చేతులు చేటలోనే ఆగిపోయాయి. అవతల బిడ్డ కేరుమంటోంది.

"నీళ్లు వేడెక్కువయ్యాయే," అంది.

"వెళ్లి చెప్పరాదూ?"

"పిలవకుండా ఎట్టా వెళ్తానే?"

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం గోడ వైపే చెవి పెట్టి కూర్చుంది. బిడ్డ ఏడుపు సద్దుమణిగి, సాంబ్రాణి వాసన మా పెరట్లోకి వచ్చాక, మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.