కడిగినా పోని ఎరుపు

మా గల్లీలో నా నోటికి జడవని మనిషి ఒక్కడే ఉండేవాడు. మాకు పాలు పోసే ఆయన. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, మా ఇంటికి నాలుగు గడపల అవతల ఆయన బర్రెల కొట్టం. మాకు చుట్టమేమీ కాదు, అయినా గల్లీ అంతా పెద్దబాపు అనే పిలిచేది. కొట్టం గుంజకు ఒక తీగల పంజరం, అందులో ఒక ఎర్ర మునియా. పిడికిట్లో పట్టే పిట్ట. ఒళ్ళంతా ఎరుపు, దాని మీద నూకలు చల్లినట్టు తెల్ల చుక్కలు. భార్య పోయాక ఆయన మాట్లాడేదల్లా బర్రెలతోనూ, దానితోనూ.

డెబ్బైల చివర, నేను డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను. జువాలజీ. ఆ ఏడు మాకు పక్షుల పరిణామం చెప్పారు. కాకి, పిచ్చుక, గిజిగాడు, మునియా, ఒకదానికొకటి పొంతన లేని ఇవన్నీ ఒకే మూలం నుంచి చీలుతూ వచ్చాయని, లోకంలోని పక్షుల్లో సగానికి పైగా ఈ వర్గమేనని విన్నప్పుడు నాకు మతి పోయింది. గింజలు తినేదానికి ముక్కు లావెక్కింది, పురుగులు తినేదానికి సన్నబడింది. కాలి తీరు మాత్రం అన్నిటికీ అదే. మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి. కాలు ముడవగానే లోపల నరం బిగిసి వేళ్ళు కొమ్మను పట్టేస్తాయి. నిద్రలో కూడా పిట్ట పడిపోదు. "రంగు చూసి మోసపోకండి, కాళ్ళు చూడండి" అనేవారు మా లెక్చరరు. ఆ మాట దొరికాక నేనిక ఆగుతానా!

రంగు మోసం నాకు కొత్త కాదు. చార్మినార్ వైపు పిట్టలమ్మేవాళ్ళు మామూలు మునియాలకు పచ్చరంగు, గులాబీరంగు పూసి అమ్మేవాళ్ళు. మా పక్కింటివాళ్ళు కొన్న పచ్చపిట్ట ఒక్క వానకు మట్టిరంగుకు తిరిగింది.

కార్తీకమాసం. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని ఐదారుగురం కొట్టం ముందు నిలబడ్డాం. పిట్ట మస్తున్నదని ఎవరో అన్నారు. పెద్దబాపు పాలు పిండుతూనే మురిసిపోయాడు.

"ఎండకాలంల చూస్తిరి గదా, పిచ్చుక తీర్గ ఉండె. వానలు పడ్డంక మల్ల ఎర్రగైంది. ఏటేటా గంతే."

"ఏం కాదు పెద్దబాపూ, అది రంగేసిన పిట్ట. అమ్మినోడు నిన్ను మంచిగ బేవకూఫ్ చేసిండు," అన్నాను.

"మూడేండ్ల సంది నా తాన్నే ఉన్నది బిడ్డా. ఏటేటా ఎవడొచ్చి ఏస్తుండు రంగు?"

సరైన ప్రశ్నే. ఆ మాట ఒప్పుకునే అలవాటు నాకు అసలే లేదు.

"ఎవడో ఎందుకు, నువ్వే ఏస్తున్నవేమో!"

అందరూ నవ్వారు. "రేపటి సంది బర్రెలకు గూడ ఏస్తడు, చూడుండ్రి," అంది వెనకనుంచి ఒకామె. పెద్దబాపు నవ్వలేదు. చేతులు తుడుచుకుని లేచాడు. పంజరం తెరిచి, పిట్టను తెచ్చి నా చూపుడువేలి మీద కూర్చోబెట్టాడు.

"కడిగి చూడు. కానీ ఆగు, చల్లటియి పోస్తే తట్టుకోదు. గోరెచ్చటి నీళ్లు తెస్త."

ఆయన లోపలికి వెళ్ళాడు. నేను ఆగలేదు. నవ్వులు చల్లారకముందే గెలవాలి నాకు. పొదుగులు కడిగే బకెట్లో రాత్రి పట్టిన నీళ్ళున్నాయి. పిట్టను ముంచి, అక్కడున్న బట్టల సబ్బు ముక్కతో వీపు రుద్దాను. మళ్ళీ ముంచాను. మళ్ళీ రుద్దాను. కారిన నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఎరుపు ఎక్కడిదక్కడే ఉంది. పిట్ట రెండుసార్లు వణికి తల వాల్చేసింది.

పెద్దబాపు చెంబుతో వచ్చి నిలబడ్డాడు.

"ఇది ముందుగాల్నే సుస్తుగ ఉండె పెద్దబాపూ," అన్నాను. అంత తొందరగా ఆ అబద్ధం నాకెక్కడ దొరికిందో!

"రంగు పోయిందా బిడ్డా?"

"పోలె."

పిట్ట నా వేలిని ఇంకా పట్టుకునే ఉంది. ఊడదీయడం నాకు చేతకాలేదు. ఆయనే తీశాడు, ముందు వెనకవేలు, తర్వాత ముందువి మూడూ. నేను బట్టీపట్టింది ఆయన వేళ్ళకు ఎప్పటినుంచో తెలుసు.

"కాళ్ల బొమ్మ గీయాలె, పిట్ట దొరుకుతలేదంటివి గదా మొన్న," అంటూ పాత పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు. "తీస్కపో. నీ చదువుకైన పనికొస్తది."

వద్దనాలి. తీసుకున్నాను. రికార్డులో ఆ కాలు వేలు వేలుగా గీశాను. సేకరించినవారు అన్నచోట నా పేరే రాసుకున్నాను. లెక్చరరు క్లాసంతటికీ తిప్పి చూపించారు. మునియా మగపిట్ట ఏటేటా వానాకాలంలో ఈకలు మార్చి ఎర్రబడుతుందని తర్వాత లైబ్రరీలో చదివాను. కాకి నుంచి మునియా దాకా ఈ వర్గమంతా దక్షిణార్ధగోళంలో పుట్టి పైకి పాకిందని, మా పుస్తకం ఎక్కడో దూరాన కూర్చోబెట్టిన చిలుకే దీనికి దగ్గరి చుట్టమని ఈమధ్య తెలిసింది. పుస్తకాలు తమ తప్పును దిద్దుకున్నాయి. నేను లైబ్రరీ నుంచి తిన్నగా కొట్టానికి వెళ్ళి నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది. కొట్టం ముందునుంచి పోకుండా వేరే దారిన ఇంటికి వచ్చాను.

రోజూ పొద్దున ఆ ఖాళీ పంజరం కింద నిలబడడం నాకు కష్టమైంది. ఆయన ఎప్పటిలాగే కొలిచి, పైన ఇంకొంచెం పోసేవాడు. అదే నాకు సహించలేదు. ఒకరోజు అమ్మతో అన్నాను, పెద్దబాపు పాలల్ల నీళ్ళు కలుపుతున్నడని.

"ఏందే? ఆయన పాలల్ల నీళ్లా? నువ్వు పుట్టకముందు సంది పోస్తుండు!"

"నేను సైన్సు చదువుతున్న. నాకు తెల్వదా?"

నా చదువంటే అమ్మకు నమ్మకం. నెల మారగానే, సంతోష్‌నగర్ నుంచి సైకిల్ మీద వచ్చే ఇంకో పాలతన్ని మాట్లాడుకుంది. ఆ పాలల్లో నిజంగానే నీళ్ళుండేవి. నేను నోరెత్తలేదు.